బటన్ నొక్కితే మోగింది కదా, అలారం బాగున్నట్టేనా?

ప్రశ్న: నమస్తే అండీ. పోయినేడు మేం ఒక పాత రెండంతస్తుల ఇల్లు కొనుక్కుని వచ్చాం. పాతవాళ్లు బిగించిన స్మోక్ అలారాలు నాలుగు ఉన్నాయి. హాల్లోది కొన్నాళ్లుగా తెల్లవారుజామున నిమిషానికోసారి కీచుమంటోంది, పగలు మాత్రం కిక్కురుమనదు. మా ఆయనకి విసుగొచ్చి బ్యాటరీ పీకి ఫ్రిజ్ మీద పడేశారు. మిగతా మూడూ బటన్ నొక్కితే బ్రహ్మాండంగా మోగుతున్నాయి కాబట్టి వాటికేం ఢోకా లేదంటారు. వంటింటి గుమ్మం దగ్గరిది పెనం వేడెక్కితే చాలు, గోల మొదలెడుతుంది. మాకు గ్యాస్ గీజర్ ఉంది, కారు షెడ్డు ఇంటికి ఆనుకునే ఉంటుంది. స్మోక్ అలారాలు ఉండగా కార్బన్ మోనాక్సైడ్‌కి మళ్లీ వేరేది కొనాలా? రెండూ కలిసినవి వస్తున్నాయట, మంచివేనా? పాతవాటిలో రేడియేషన్ ఉంటుందని మా తమ్ముడు భయపెడుతున్నాడు. మా అత్తగారికి వినికిడి తక్కువ, పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. ఏవి మార్చాలి, ఏవి ఉంచాలి, తీసేసినవి ఏం చేయాలి, కాస్త వివరంగా చెప్పండి. నా పేరు వేయకండి.

జవాబు: అన్నిటికంటే ముందు ఫ్రిజ్ మీదున్న బ్యాటరీ సంగతి. దాన్నే మళ్లీ వేయకండి, ఇవాళే కొత్తది తెచ్చి హాల్లో అలారానికి వేయండి, మిగతావన్నీ ఆ తర్వాత. మీవారిని తప్పుపట్టడం లేదు, మంచి నిద్రలో నిమిషానికోసారి కీచుమంటుంటే ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది. కానీ ఇళ్లలో మంటలు లేచి ప్రాణాలు పోయిన చోట్ల, అలారం ఉండి కూడా ఎందుకు మోగలేదని ఆరా తీస్తే తరచూ తేలేది ఇదే. ఎవరో ఎప్పుడో విసుగొచ్చి బ్యాటరీ పీకేశారు, మళ్లీ పెట్టడం మర్చిపోయారు. కొత్తది వేసినా కూత ఆగకపోతే ఏం చేయాలో కింద చెబుతాను, పీకి పక్కన పెట్టడం మాత్రం వద్దు.

ఇక మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టింది కూస్తున్న ఆ ఒక్కటి కాదు, బ్రహ్మాండంగా మోగుతున్న ఆ మూడు. కూసేది కనీసం తన బాధ తాను చెప్పుకుంటోంది. మిగతావాటి వయసెంతో మీకు తెలీదు, బటన్ నొక్కితే మోత వచ్చింది కాబట్టి సరే అనుకుంటున్నారు. ఆ బటన్ చూసేది బ్యాటరీలో చార్జ్ ఉందా, లోపలి సర్క్యూట్ పనిచేస్తోందా, హారన్ మోగుతోందా అని. పొగ వచ్చినట్టు చాలా మోడళ్లలో లోపల ఒక నకలు సంకేతం పుట్టించి అలారాన్ని మోగిస్తుందంతే. నిజం పొగ బయటి సందుల్లోంచి లోపలికి వెళ్తోందా, సెన్సర్ దాన్ని సకాలంలో పట్టుకుంటుందా అన్నది ఆ బటన్ చెప్పలేదు. నెలకోసారి నొక్కి చూడటం మానకండి, అది అవసరమే. కానీ ఆ మోత విని అలారం ఆరోగ్యం మీద తీర్పు ఇవ్వకండి.

తీర్పు చెప్పేది వెనకాల ఉన్న తేదీ. స్టూలు వేసుకుని ఒక్కోదాన్నీ కిందికి దించండి, చాలావాటిని గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పితే బేస్ నుంచి ఊడొస్తాయి. కరెంటు వైరు ఉన్నవైతే ముందు ఆ లైను ఎంసీబీ దించి అప్పుడు చెయ్యి పెట్టండి. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాలతో ఒక స్టిక్కర్ ఉంటుంది, దాని మీద తయారైన తేదీ గానీ, ఫలానా సంవత్సరంలోగా మార్చండి అన్న మాట గానీ కనిపిస్తుంది. స్మోక్ అలారం ఆయుష్షు పదేళ్లు. ఆ పదేళ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, బిగించిన రోజు నుంచీ కాదు, తయారైన రోజు నుంచి లెక్క. పదేళ్లు దాటితే మార్చాల్సిందే, ఎంత గట్టిగా మోగినా సరే. తేదీ కనిపించకపోతే, స్టిక్కర్ చెరిగిపోతే, ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరిగిపోతే ఇక ఆలోచించకండి, అది వెళ్లిపోవాల్సినదే.

పదేళ్లే ఎందుకంటే, అది రాత్రీ పగలూ సెలవు లేకుండా గదిలో గాలిని వాసన చూస్తూ ఉండే వస్తువు. టార్చి వేసి పక్క సందుల్లోకి చూడండి. పురుగులు దూరకుండా లోపల సన్నటి జాలీ ఉంటుంది, పాతదాంట్లో ఆ జాలీకి దుమ్ము దూదిలా పట్టేసి ఉంటుంది, ఓ మూల సాలెగూడు కూడా కనిపించవచ్చు. వంటింటికి దగ్గర్లోదైతే ఆ దుమ్ముకి నూనె జిడ్డు తోడై గట్టిపడిపోతుంది. ఇలా అయినప్పుడు రెండు రకాల చెడు జరుగుతుంది. లోపల చేరిన దుమ్మునే పొగ అనుకుని ఊరికే మోగడం ఒకటి, నిజం పొగ లోపలికి పోవడానికి దారి లేక ఆలస్యంగా మోగడం రెండోది. మొదటిది మనకి తెలుస్తుంది. రెండోది నిజంగా మంట లేచిన రోజున గానీ తెలీదు. అప్పుడప్పుడూ మెత్తటి బ్రష్ తగిలించిన వాక్యూమ్ క్లీనర్‌తో బయటి నుంచి దుమ్ము లాగేస్తే కొంత మేలు. తడిగుడ్డలు, క్లీనింగ్ స్ప్రేలు వద్దు. ఇంటికి రంగులు వేయించేటప్పుడు వాటిమీద కవరు కప్పి, పని అయిపోగానే తీసేయండి. పెయింటర్లు పైకప్పుతో పాటు అలారానికి కూడా తెల్లరంగు పూసేసిన ఇళ్లు లేకపోలేదు, సందులు మూసుకుపోయిన అలాంటిదాన్ని కడిగి వాడకూడదు, మార్చేయాలి.

హాల్లోది తెల్లవారుజామునే ఎందుకు కూస్తుందని మీకు అనుమానం వచ్చే ఉంటుంది, కావాలని నిద్ర చెడగొడుతోందా అన్నట్టు. ఇల్లు బాగా చల్లబడేది ఆ వేళకే. బ్యాటరీ చల్లబడితే దాని శక్తి కాస్త తగ్గుతుంది, బొటాబొటీగా ఉన్న బ్యాటరీ అప్పుడే గీత కిందికి జారుతుంది, అలారం కూస్తుంది. పొద్దెక్కి గది వేడెక్కేసరికి మళ్లీ గీత పైకి వస్తుంది, నోరు మూసుకుంటుంది. కాబట్టి పగలు కూయడం లేదు కదా, బ్యాటరీ బాగానే ఉందిలే అనుకోకూడదు. కొత్తది వేసేటప్పుడు వెనక స్టిక్కర్ మీద ఏ రకం రాసి ఉంటే అదే వేయండి, చార్జింగ్ పెట్టుకునే బ్యాటరీలు వీటికి పనికిరావు. కొత్తది వేశాక కూడా కూస్తుంటే బ్యాటరీ తీసేసి టెస్ట్ బటన్‌ని ఓ పదిహేను ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిపోయిన చార్జ్ పోతుంది, అప్పుడు మళ్లీ బ్యాటరీ వేయండి. అప్పటికీ ఆగకపోతే అది బ్యాటరీ కూత కాదు, నా కాలం తీరిందని చెప్పే కూత అయి ఉంటుంది. రెండిటికీ తేడా ఎలా గుర్తుపట్టాలో చాలావాటి వెనకే రాసి ఉంటుంది. ఇంకో మాట, ఆ కీచు శబ్దం ఎటునుంచి వస్తోందో చెవికి సరిగ్గా అందదు. హాల్లోదే అనుకుని దాని బ్యాటరీ పీకేసి, నిజానికి మెట్ల పైన ఉన్నది కూస్తుండటం మామూలే, ఒక్కోదాని కింద రెండు నిమిషాలు నిలబడి వినండి.

మీ తమ్ముడి రేడియేషన్ భయం గాలిలోంచి పుట్టింది కాదు, కానీ అంత భయపడాల్సిన పనీ లేదు. స్మోక్ అలారాల్లో ప్రధానంగా రెండు రకాలు. అయొనైజేషన్ రకంలో అమెరీషియం 241 అనే రేడియోధార్మిక పదార్థం అతి కొద్దిగా, గ్రాములో పది లక్షల వంతు కూడా లేనంత ఉంటుంది. దాన్నుంచి వచ్చే ఆల్ఫా కణాలు రెండు పలకల మధ్య గాలిని అయాన్లుగా మార్చి సన్నటి కరెంటు పారేలా చేస్తాయి, పొగ దూరితే ఆ కరెంటు తగ్గుతుంది, అలారం మోగుతుంది. ఆల్ఫా కణాలు కొన్ని సెంటీమీటర్ల గాలిని కూడా దాటలేవు, కాగితం అడ్డుపెడితే ఆగిపోతాయి. పైకప్పుకి బిగించి ఉన్నంతకాలం మీకేమీ కాదు. దాన్ని విప్పి, లోపలి డబ్బీని స్క్రూడ్రైవర్‌తో తెరిచి చూడాలన్న కుతూహలం మాత్రం వద్దు, పిల్లల చేతికి ఆటవస్తువుగా ఇవ్వడం అసలే వద్దు. వెనక స్టిక్కర్ మీద అమెరీషియం అని గానీ, రేడియేషన్ గుర్తు మూడు రెక్కల బొమ్మ గానీ ఉంటే అది ఈ రకమే.

రెండోది ఫొటోఎలక్ట్రిక్. లోపల చీకటి గదిలాంటి చిన్న అర, అందులో ఒక ఎల్‌ఈడీ వెలుగు, ఆ వెలుగు సూటిగా పడని కోణంలో ఒక సెన్సర్. పొగ దూరితే దాని కణాలకి తగిలి వెలుగు చెదిరి సెన్సర్ మీద పడుతుంది. కాగితం, ఎండిన కట్టె భగ్గుమని అంటుకున్నప్పుడు వచ్చే సన్నటి కణాలని అయొనైజేషన్ రకం కాస్త ముందు పట్టుకుంటుంది. సోఫాలోనో పరుపులోనో నిప్పు పడి గంటల తరబడి రాజుకుంటూ ఉంటే వచ్చే దట్టమైన పొగని ఫొటోఎలక్ట్రిక్ చాలా ముందు పట్టుకుంటుంది. మనుషులు నిద్రలో ఉండగా ముంచుకొచ్చేవి చాలావరకు ఈ రాజుకునే మంటలే కాబట్టి, ఒకటే కొనాలంటే నా ఓటు ఫొటోఎలక్ట్రిక్‌కే. రెండు సెన్సర్లూ కలిసినవి కూడా వస్తాయి, అవీ మంచివే. అమెరికా ప్రమాణం యూఎల్ 217, దాని కొత్త కూర్పుల ప్రకారం పాసయిన అలారాలకి సోఫాల్లో వాడే పాలియురిథేన్ ఫోమ్ పొగతో ఒక పరీక్ష, వంట పొగకి ఊరికే మోగకుండా ఉండటానికి ఇంకో పరీక్ష పెడతారు, కాబట్టి అలాంటివి దొరికితే ఏ రకం అన్న మీమాంస సగం తీరిపోతుంది. యూరప్‌లో అయితే చూడాల్సిన నంబరు ఈఎన్ 14604.

మీ వంటింటి గుమ్మం దగ్గరిది పెనానికే భయపడుతోందంటే అది అయొనైజేషన్ రకమని పందెం కాయొచ్చు, పైగా పొయ్యికి మరీ దగ్గరగా ఉండి ఉంటుంది. పొయ్యికి కనీసం పది అడుగుల దూరంలోకి జరపండి, జరిపేటప్పుడే ఫొటోఎలక్ట్రిక్‌కి మార్చండి. వంటగది లోపల కూడా ఏదో ఒకటి ఉండాలనుకుంటే పొగకి కాకుండా వేడికి మోగే హీట్ అలారం పెట్టుకోవచ్చు, కారు షెడ్డులోకీ అదే సరైనది. కానీ వేడికి మోగేది ఆలస్యంగా మోగుతుంది, పడకగదిలో స్మోక్ అలారానికి బదులు దాన్ని పెట్టకూడదు. ఊరికే మోగే అలారాన్ని ఇంట్లో ఉంచుకోవడం కూడా ప్రమాదమే సుమా. పదిసార్లు ఉత్తుత్తినే మోగితే పదకొండోసారి ఎవరూ లేచి చూడరు.

ఇప్పుడు కార్బన్ మోనాక్సైడ్, వాడుకలో సీఓ. దీనికి వేరే అలారం కావాలా అంటే, ఖాయంగా కావాలి. స్మోక్ అలారం సీఓని పట్టుకోలేదు, సీఓ అలారం పొగని పట్టుకోలేదు. తమాషా ఏంటంటే, 1930ల్లో వాల్టర్ యేగర్ అనే స్విస్ శాస్త్రవేత్త విషవాయువుని కనిపెట్టే పరికరం చేయబోయి, అది వాయువుకి కదలక, తను ముట్టించిన సిగరెట్టు పొగకి కదలడం చూసి ఆశ్చర్యపోయాడని చెబుతారు. స్మోక్ డిటెక్టర్ పుట్టుక అక్కడిది. విషవాయువుని ఇంట్లో సులువుగా పట్టే పరికరాలు రావడానికి ఆ తర్వాత దశాబ్దాలు పట్టింది.

సీఓకి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. గ్యాస్, పెట్రోలు, బొగ్గు, కట్టె, ఏది సరిగ్గా మండకపోయినా పుడుతుంది. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది, ఒంట్లోకి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం, చూస్తే ఫ్లూ లాగే ఉంటుంది, జ్వరం మాత్రం ఉండదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గి, ఇంటికి రాగానే మళ్లీ మొదలైతే వెంటనే అనుమానించండి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది, సీఓ పట్టుకున్న రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేసి మంచి అంకె చూపిస్తుంది. ఆస్పత్రికి వెళ్తే సీఓ అనుమానం ఉందని మీరే నోరు తెరిచి చెప్పండి, దానికి విడిగా రక్తపరీక్ష ఉంటుంది.

మీ ఇంట్లో దీనికి రెండు దారులు కళ్లెదుటే ఉన్నాయి. గ్యాస్ గీజర్ ఎక్కడుందో రాయలేదు. స్నానాల గది లోపలే ఉండి, పొగ బయటికి పోయే గొట్టం లేకపోతే, అలారం కొనడం కంటే ముందు చేయాల్సిన పని దాన్ని అక్కడి నుంచి తీయించడం. తలుపు వేసుకున్న చిన్న గదిలో అది కాసేపు మండితే ఆక్సిజన్ తగ్గుతుంది, తగ్గేకొద్దీ సీఓ పెరుగుతుంది, స్నానం చేసే మనిషికి తెలిసేలోపు కాళ్లు చేతులు ఆడవు. అలారం ఉంది కదా అని దాన్ని అలాగే వాడటం తెలివైన పని కాదు. ఇక కారు. షెడ్డు తలుపు తెరిచే ఉంది కదా అని ఇంజిన్ ఆన్‌లో ఉంచి లోపలికి వచ్చి తాళాలు వెతుక్కోవడం ఆపేయండి, ఆ పొగ షెడ్డుకీ ఇంటికీ మధ్య తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. జనరేటర్ గానీ, బొగ్గుల కుంపటి గానీ ఇంట్లో వాడే అలవాటుంటే అదీ ఇవాళ్టితో సరి.

సీఓ అలారం లోపల చిన్న రసాయన సెల్ ఉంటుంది, సీఓ తగిలితే అక్కడ చర్య జరిగి కాస్త కరెంటు పుడుతుంది, ఎంత సీఓ ఉంటే అంత కరెంటు. ఆ సెల్ ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తుంది, అందుకే దీని ఆయుష్షు స్మోక్ అలారం కంటే సాధారణంగా తక్కువ, మోడల్‌ని బట్టి ఐదు నుంచి పదేళ్లు. ఇక్కడా వెనకున్న తేదీదే ఆఖరి మాట. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, ఇది సీఓ తగలగానే మోగదు, గాలిలో ఎంతుంది, ఎంతసేపు ఉంది అని రెండూ కలిపి లెక్కేస్తుంది. యూఎల్ 2034 ప్రమాణం ప్రకారం గాలిలో పది లక్షల భాగాలకి 70 భాగాలుంటే గంట నుంచి నాలుగు గంటల మధ్య మోగాలి, 150 ఉంటే 10 నుంచి 50 నిమిషాల్లో, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ఇంకాస్త తొందరపడుతుంది, 50 దగ్గర గంట నుంచి గంటన్నరలో, 300 దగ్గర 3 నిమిషాల లోపే మోగాలంటుంది. ఈ లెక్కలు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని దృష్టిలో పెట్టుకున్నవి. మీ ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దావిడ ఉన్నారు కాబట్టి అంకె చూపించే డిస్‌ప్లే ఉన్నది తీసుకోండి, మోగకముందే 30, 40 అని కనిపిస్తే గీజర్ చూపించుకోవచ్చు. అంతకుముందు ఎంత దాకా పెరిగిందో గుర్తుపెట్టుకుని చూపించే మోడళ్లుంటాయి, అవి ఇంకా మేలు.

ఇన్వర్టర్ బ్యాటరీ ఇంటి లోపలుంటే ఒక చిక్కు. లెడ్ యాసిడ్ బ్యాటరీ అతిగా చార్జ్ అయితే హైడ్రోజన్ వదులుతుంది, సీఓ సెన్సర్ దాన్ని కూడా సీఓ అనుకుని మోగుతుంది. అది ఉత్తుత్తి మోతేలే అని తీసిపారేయకండి, ఇంట్లో హైడ్రోజన్ చేరడం కూడా మంచిది కాదు, బ్యాటరీని గాలి ఆడే చోటికి మార్చాలి. అలారం మోగినప్పుడు మాత్రం కారణం వెతకడం మీ పని కాదు, సీఓ అనే అనుకుని బయటికి నడవాలి.

సిలిండర్ గ్యాస్ లీకైతే సీఓ అలారం మోగుతుందని కూడా కొందరు అనుకుంటారు. మోగదు. దానికి గ్యాస్ లీక్ డిటెక్టర్ అని మూడో వస్తువు వేరే ఉంది. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి దాన్ని నేలకి దగ్గర్లో పెట్టాలి, పైపులో వచ్చే సహజవాయువు తేలిక కాబట్టి పైకప్పుకి దగ్గర్లో. సీఓ బరువు గాలికి దాదాపు సమానం, గదంతా కలిసిపోతుంది, అందుకే ఎత్తు గురించి అంత పట్టింపు లేదు, కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు పెడితే చాలు. ఎక్కడన్నదే ముఖ్యం, ప్రతి అంతస్తులోనూ పడకగదుల బయట ఒకటి, నిద్రలో ఉన్నవాళ్లకి వినిపించేలా. గీజర్‌కి ఆనుకుని, స్నానాల గది ఆవిరి తగిలేలా, కారు షెడ్డు లోపల పెట్టకండి. కర్టెన్ వెనకా, అలమర మాటునా వద్దు.

రెండూ కలిసినవి కొనొచ్చా అన్నారు. కొనొచ్చు, అవి చెడ్డవేం కాదు, పైకప్పుకి ఒక కన్నం తగ్గుతుంది. కానీ అందులో సీఓ సెల్ ముందే ఆయుష్షు తీరితే మొత్తం వస్తువునే మార్చాలి, బాగున్న స్మోక్ సెన్సర్ కూడా దాంతోపాటే పోతుంది. పైగా స్మోక్‌కి సరైన చోటూ సీఓకి సరైన చోటూ ఎప్పుడూ ఒకటే కావు. మీ ఇంటికైతే నేను విడివిడిగానే తీసుకోమంటాను, పడకగదుల బయట వరండాలో మాత్రం కలిసినది పెట్టుకుంటే పెట్టుకోండి. అసలు జాగ్రత్త వేరే చోట పడాలి. పేరూ ఊరూ లేని కంపెనీలు, పెద్ద డిస్‌ప్లేతో, అన్నీ ఒకదాంట్లోనే అని ఆన్‌లైన్‌లో అమ్మేవి ఉంటాయి. వాటిలో కొన్ని పొగకి గానీ సీఓకి గానీ అసలు మోగడమే లేదని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ పరీక్షించి, వాడకండని హెచ్చరించింది కూడా. పైన చెప్పిన ప్రమాణాల నంబర్లు డబ్బా మీదే కాక వస్తువు వెనక కూడా ముద్రించి ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే రివ్యూలు ఎంత తీయగా ఉన్నా వద్దు. తయారైన తేదీ కూడా అక్కడే చూసుకోండి, మూడేళ్లు గోడౌన్లో పడున్నది మీకు ఏడేళ్లే పనిచేస్తుంది.

మీ నాలుగూ సరిపోతాయా అంటే అనుమానమే. పడకగదులెన్నో రాయలేదు. ప్రతి పడకగదిలో ఒక స్మోక్ అలారం, వాటి బయట ఒకటి, ప్రతి అంతస్తులో కనీసం ఒకటి, ఇదీ లెక్క. పైకప్పు మధ్యకి దగ్గర్లో మంచిది. గోడకైతే పైకప్పు నుంచి పన్నెండు అంగుళాల లోపు ఉండాలి. ఫ్యాను రెక్కల చివర నుంచి, ఏసీ గాలి వచ్చే చోటు నుంచి, స్నానాల గది తలుపు నుంచి ఒక మూడడుగులు ఎడంగా. ఎలాగూ చాలావరకు మార్చాల్సి వస్తోంది కాబట్టి ఒకదానితో ఒకటి కలిపి ఉండేవి తీసుకోండి, కింద హాల్లో పొగ వస్తే పైన మీ మంచం పక్కది కూడా మోగుతుంది. వైర్లు లాగక్కర్లేదు, వైర్‌లెస్‌వి ఉన్నాయి. ఒకే కంపెనీవి, ఒకదానితో ఒకటి పనిచేస్తాయని రాసి ఉన్నవి తీసుకోవాలి, వేరే కంపెనీవి కలిపితే పలకవు. కరెంటు వైరుతో ఉన్నవైతే వెనక ప్లగ్ కూడా కంపెనీకొకలా ఉంటుంది, బలవంతంగా తోయకుండా ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి. బ్యాటరీ గొడవ వద్దనుకుంటే పదేళ్ల లిథియం బ్యాటరీ లోపలే సీల్ చేసినవి ఉంటాయి, పీకడానికి అందులో ఏమీ ఉండదు, మీ ఇంటికి అవే సరి. బిగించేటప్పుడు మార్చాల్సిన సంవత్సరాన్ని మార్కర్‌తో పక్కన పెద్దగా రాసేయండి, మళ్లీ స్టూలు ఎక్కకుండా కనిపిస్తుంది.

అత్తగారి విషయం విడిగా ఆలోచించాలి. మామూలు అలారం శబ్దం చాలా సన్నటి స్వరం, సుమారు 3000 హెర్ట్జ్. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందు పోయేవి ఈ సన్నటి స్వరాలే, వినే యంత్రం తీసి పడుకుంటే ఇక చెప్పక్కర్లేదు. 520 హెర్ట్జ్ బొంగురు స్వరంతో మోగే అలారాలు ఇలాంటివాళ్ల కోసమే ఉన్నాయి. అంతకంటే నమ్మకమైనది దిండు కింద పెట్టే వైబ్రేటర్, దాంతోపాటు మెరిసే లైటు. ఆవిడ గదికి ఇది పెట్టకుండా మిగతా ఇంట్లో ఎన్ని పెట్టినా లాభం లేదు. చిన్నపిల్లలు కూడా ఆ సన్నటి మోతకి లేవకపోవడం మామూలే, చెవి పక్కన మోగినా అటు తిరిగి పడుకుంటారు. కాబట్టి ఎవరు ఎవరిని లేపాలో, బయట ఎక్కడ కలుసుకోవాలో మీ ఇద్దరూ ఇప్పుడే అనుకోండి. ఈ కాలం సోఫాలూ పరుపులూ ఫోమ్‌వి కావడంతో మంట చాలా త్వరగా పాకుతుంది, బయటపడటానికి దొరికేది రెండు మూడు నిమిషాలే కావచ్చు.

మోతల తేడా కూడా ఇంట్లో అందరికీ నేర్పండి. చాలా మోడళ్లలో మూడు కూతలు, చిన్న విరామం, మళ్లీ మూడు అయితే పొగ. నాలుగు కూతలు, విరామం, మళ్లీ నాలుగు అయితే సీఓ. అప్పుడొకటి అప్పుడొకటి కీచుమంటే బ్యాటరీ లేదా ఆయుష్షు. సీఓ మోగితే బటన్ నొక్కి ఆపేసి, కిటికీలు తెరిచి మళ్లీ పడుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని. అందరూ బయటికి వచ్చి, తలలు లెక్కపెట్టుకుని, బయటి నుంచే అగ్నిమాపక శాఖకి ఫోన్ చేయండి, వాళ్లు గాలి చూసి సరే అనేదాకా లోపలికి పోవద్దు. తలుపులు తెరిచాక మోత ఆగిందంటే గాలి మారిందని అర్థం, గీజర్ బాగైందని కాదు.

చివరిగా తీసేసినవాటి గురించి అడిగారు. ఫొటోఎలక్ట్రిక్‌వీ సీఓవీ బ్యాటరీ తీసి మామూలు ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లో ఇచ్చేయొచ్చు. సీల్డ్ బ్యాటరీ ఉన్నవాటిని పారేసే ముందు ఆపడానికి వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది, అది తిప్పకపోతే చెత్తడబ్బాలోంచి కూడా కూస్తూనే ఉంటాయి. అయొనైజేషన్‌వి పగలగొట్టకండి, కాల్చకండి. స్టిక్కర్ మీద కంపెనీకి తిరిగి పంపమని రాసి ఉంటే అలాగే పంపండి, లేకపోతే మీ మున్సిపాలిటీ వాళ్లనో అగ్నిమాపక శాఖనో అడిగి వాళ్లు చెప్పిన చోట ఇవ్వండి. తేదీ చూశాక పాతవాటిని మళ్లీ వాటి చోటే పెట్టి, కొత్తవి బిగించేదాకా తీసేయకండి, పదేళ్లు దాటినది కూడా ఖాళీ బేస్ కంటే నయం.